తీగె మార్చు పని

గిటారు నేర్చుకొను మా సోమశిల పిల్లలు తీగె తెగువఱకును దానిని మార్చుట యెఱుగరు. వానకాలమున శ్రీశైలము జలాశయపు నీరు గట్టులంటి గాలి చెమ్మగిల్లినపుడు, ఆ చెమ్మయు వ్రేళ్ల చెమటయు గలిసి యుక్కు తీగెకు త్రుప్పు పట్టించును. మంద్రస్వరపు తీగెలపైని కంచు చుట్టల సందులలో మురికి చేరి, మెట్టు తాకు తావుల గంటులు పడి, తీగె బరువు పొడవునను సమముగా నుండక, విడిగా మీటినపుడు కుదిరినట్లే తోచిన శ్రుతి మెట్టుపై నొక్కినంతనే తప్పును. 12వ మెట్టు కడ తీగె సగమగును. అచ్చట వ్రేలు తాకీ తాకకుండ మీటిన నాదమును, నొక్కి మీటిన నాదమును మునుపు కలిసి పలికి యిప్పుడు విడిపోయినచో, ఆ తీగె కాలము తీరినదని నా నిర్ణయము.

ఆఱు తీగెలను ఒక్కసారి విప్పుట నాకు సమ్మతము గాదు. అవి యన్నియు గలిసి దండిని సుమారు 70 కిలోల బలముతో లాగుచుండును. ఒక్కొక్కదానినే సడలించి తీసి, క్రొత్తదానిని బిరడాకు రెండు మూడు చుట్లు ఒకదాని క్రింద నొకటి దిగునట్లు చుట్టి, వ్రేళ్లతో మెల్లగా సాగదీసి, మరల శ్రుతి చేయుదును. తొలినాడు శ్రుతి నిలువదు, విసుగుకొనరాదు.

ఈ పనిపై నాకింత మక్కువ కలుగుటకు కారణము మా నాగర్‌కర్నూలు సీమలోనే కలదు. లింగాల మండలము అవుసలికుంటకు చెందిన దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ తెచ్చిన 12 మెట్ల కిన్నెరను జూడుడు: వెదురు దండి, ఎండిన సొరబుఱ్ఱలు, అతుకులకు తేనెపట్టు మైనము. పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున కిన్నర బ్రహ్మయ్య కథ చెప్పిన నాటికే పేరొందిన వాద్యమది. పండుగ సాయన్న వీరగాథ పాలమూరు పల్లెలలో దానిపైననే పలికినది. అచ్చట వాద్యమును కట్టిన చేయియు మీటు చేయియు నొక్కటియే. కర్మాగారమున బుట్టిన గిటారు విషయమున, వాయించువానికి మిగిలిన నిర్మాణభాగము తీగె మార్చుట యొక్కటే. దానినిగూడ దుకాణమున కప్పగించినచో, తన వాద్యము ఎచ్చట బిగిసి యెచ్చట సడలునో వాని చేతికెన్నడును తెలియదు.

కావున వాద్యమును పిల్లల యొడిలోనే యుంచి, బిరడా వారిచేతనే త్రిప్పించుచున్నాను. సన్నతీగె బిగియునపుడు తెగి తగులునను భయమున వారు మొగము ప్రక్కకు త్రిప్పుకొందురు. అది మంచి యలవాటు. కత్తిరించిన కొసలను మాత్రము నేలపై విడువక కాగితమున జుట్టవలెను, పాదములకు గ్రుచ్చుకొనును.