బుల్లి రివాల్వర్‌ను గుర్తుపట్టే విద్య

స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 1857లో అమెరికాలో విడుదల చేసిన మోడల్ నంబర్ 1 జేబులో పట్టే చిన్న రివాల్వర్. తూటా 0.22 అంగుళాలది, సిలిండర్‌లో ఏడు గదులు. గొట్టాన్ని పైకి మడిచి, సిలిండర్‌ను ఊడదీసి, గొట్టం కింది కడ్డీతో ఖాళీ తొడుగులను నెట్టేయాలి. 1880ల తొలినాళ్ల వరకు మూడు దశల్లో తయారైంది. ఏది ఏ దశదో చెప్పగలగడమే సేకర్తల పనితనం.

మూడోది తేలిగ్గా దొరికిపోతుంది: గుండ్రటి గొట్టం, గాళ్లు తీసిన సిలిండర్, పక్షి తల వంటి పిడి. అసలు పరీక్ష మొదటి రెండింటి దగ్గరే. రెంటికీ గొట్టం ఎనిమిది పలకలదే, చట్రం ఇత్తడిదే. చట్రం పక్కలు ఉబ్బుగా ఉండి, పక్కమూత చిన్నగా, గుండ్రంగా ఉంటే మొదటిది. పక్కలు చదునై, మూత పెద్దదైతే రెండోది. సిలిండర్ మీది 1855 ఏప్రిల్ 3 చూసి తయారీ తేదీ అనుకునేవారున్నారు. అది సిలిండర్ రూపకల్పనపై రోలిన్ వైట్ అనే ఆవిష్కర్త పొందిన పేటెంట్ తేదీ.

నిపుణుల కన్ను మెరుపును నమ్మదు. మళ్లీ పాలిష్ పట్టిన రివాల్వర్‌లో అంచులు మొద్దుబారతాయి, అక్షరాలు అలుక్కుపోతాయి. అరిగినా చెయ్యి పడని పాత పూతకే వారు ఎక్కువ విలువ కడతారు, అది సబబే.