కీలుబొమ్మలో దారం ఎక్కడ?

తెలుగు పత్రికల రాజకీయ భాషలో ‘కీలుబొమ్మ’ ఒక తిట్టు. సొంత బుద్ధి లేనివాడు, ఇంకొకరు ఆడించినట్టు ఆడేవాడు అని దాని అర్థం. మాటను కాస్త విప్పి చూస్తే ఇందులో ఒక అన్యాయం కనిపిస్తుంది. బొమ్మను ఆడించేది దారమో పుల్లో. దాని వెనక ఉన్న చెయ్యి. కీలు చేసే పని అది కాదు. చెయ్యి ఎక్కడ వంగాలో, ఎంతవరకు వంగాలో, ఏ వైపుకు అసలు వంగకూడదో నిర్ణయించేది కీలు. ఆడించేవాడు ఎంత లాగినా కీలు ఒప్పుకున్నంత మేరకే బొమ్మ కదులుతుంది. లొంగుబాటు దారానిదైతే, నింద కీలు నెత్తిన పడింది.

ఇలా ఎందుకు జరిగిందో ఆ మాట అర్థాల్లోనే కొంత తెలుస్తుంది. కీలు అంటే సంధి మాత్రమే కాదు. మర్మం, ఉపాయం, యంత్రపు మెలకువ కూడా. కీలెరిగి వాత పెట్టమన్న సామెతలో దేహజ్ఞానమూ లౌక్యమూ కలిసే ఉన్నాయి. 1949లో వచ్చిన సినిమా ‘కీలుగుర్రం’ పేరులో ఉన్నది ఈ యంత్రపు అర్థమే. అక్కడ దారం ఊసే లేదు. గుట్టు గుర్రంలోనే ఉంది. అంటే తెలుగులో ఒకే మాట ఒకచోట పరాధీనతకు, ఇంకొకచోట స్వయంచలనానికి గుర్తుగా నిలిచింది. ఈ రెండు అర్థాల మధ్య ఉన్న తేడాను చేత్తో ముట్టుకుని తెలుసుకోవాలంటే బంతికీళ్ళ బొమ్మకంటే మంచి ఉదాహరణ దొరకదు.

బంతికీళ్ళ బొమ్మ అంటే భుజం, మోచెయ్యి, మణికట్టు, తుంటి, మోకాలు, మడమ, మెడ – ప్రతిచోటా ఒక గోళమూ, అది కూర్చునే ఒక గిన్నె ఉన్న బొమ్మ. తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి పాఠ్యపుస్తకంలోని ‘బంతిగిన్నె కీలు’ గుర్తుండే ఉంటుంది. మనిషి దేహంలో ఆ కీలు భుజానికీ తుంటికీ పరిమితం. మోచేతిది మడతబందు కీలు. ఈ బొమ్మలో మాత్రం అన్నిచోట్లా బంతే. బొమ్మ లోపలంతా బోలు. ఆ బోలులోంచి సాగే తాడు ఒకటి తల నుంచి మొండెం గుండా కాళ్ళలోకి, ఇంకొకటి ఒక చేతి నుంచి రెండో చేతికి పోతాయి. చివర్లలో చిన్న ఇనుప కొక్కేలు. అవయవాలకు జిగురు లేదు, మేకు లేదు. తాడు బిగువు ఒక్కటే వాటిని కలిపి ఉంచుతుంది. తోలుబొమ్మకు బయట ఉన్న ఆధారం ఈ బొమ్మకు ఒంట్లో ఉంది. చెయ్యి ఎత్తి వదిలేస్తే ఎత్తినట్టే ఉంటుంది. పట్టుకున్నవాడు పక్కకు వెళ్ళిపోవచ్చు.

చేత్తో చేసేవారి పని మొదలయ్యేది అచ్చమైన గీతతో. ముందు నుంచి, పక్క నుంచి బొమ్మను అసలు కొలతల్లో కాగితం మీద గీసి, కీలు పడే ప్రతిచోటా ఒక వృత్తం వేస్తారు. ఆ వృత్తం కేంద్రం తప్పితే తర్వాత ఎంత అరగదీసినా దిద్దుబాటు ఉండదు. తేలికైన నురుగు దిమ్మ చుట్టూ గాలికి ఆరే కాగితపు మట్టిని పొరలుగా వేస్తారు. ఆరాక దిమ్మను తొలుస్తారు. గోళాలు విడిగా చేస్తారు. గిన్నె చేసే పద్ధతి మాత్రం వంటింటి పనిలా ఉంటుంది: ఆరిన బంతికి పల్చటి ప్లాస్టిక్ పొర చుట్టి తడిమట్టిలో అదిమి, తిప్పి, తీసేస్తారు. మట్టి ఆరుతూ కుంచించుకుపోతుంది కనుక గిన్నె బిగుసుకుంటుంది. మళ్ళీ గరుకుకాగితంతో రుద్దాలి. పింగాణీతో చేసేవారి కష్టం ఇంకా ఎక్కువ. కొలిమిలో కాలేటప్పుడు అది పదోవంతుకు పైగా చిన్నదవుతుంది కనుక, ఇంకా లేని బొమ్మకు కొలతలు ముందే లెక్కవేసుకోవాలి.

గిన్నె లోతు దగ్గరే చేసేవారి విచక్షణ బయటపడుతుంది. మరీ లోతైతే అంచు అడ్డుపడి చెయ్యి వంగదు. మరీ తక్కువైతే బంతి జారిపోతుంది. వంగినప్పుడు తాడు పక్కకు తప్పుకోవడానికి బంతిలో ఒక చీలిక కోస్తారు. ఆ చీలిక ఎటు ఉంటే అటే మోకాలు వంగుతుంది. అంటే గోళానికి సహజంగా ఉన్న అన్ని దిక్కుల స్వేచ్ఛను చీలిక మళ్ళీ ఒక దిక్కుకు కుదిస్తుంది. మనిషి మోకాలిలోని మడతబందు ఈ దొడ్డిదారిన తిరిగొస్తుందన్నమాట. ఒంటి బంతితో మోకాలు లంబకోణం దాటి పెద్దగా మడవలేదు కనుక, వేరుశనగ కాయలా రెండు వైపులా గుండ్రంగా ఉన్న విడిముక్కను తొడకూ పిక్కకూ మధ్య పెట్టడం ఇప్పుడు మామూలైంది. అప్పుడు బొమ్మ మడమల మీద కూర్చోగలదు. బాసింపట్టు వేసుకోవడం మాత్రం చాలా బొమ్మలకు ఇప్పటికీ కుదరదు. తుంటి గిన్నె అంచు ఒప్పుకోదు. బొమ్మ ముఖం ఎంత ముద్దుగా ఉన్నా, ఏ నేల మీద ఎలా కూర్చునే మనుషులను మనసులో పెట్టుకుని చేశారో తుంటి చెప్పేస్తుంది.

భంగిమ నిలవడం వెనక ఉన్న లెక్క ఇంజినీర్లకు నచ్చేది. కాలు వంచినప్పుడు లోపలి తాడు సాగుతుంది. అది కాలిని వెనక్కి, తిన్నగా ఉన్న స్థితికి లాగాలని చూస్తుంది. బంతికీ గిన్నెకీ మధ్య రాపిడి దాన్ని ఆపుతుంది. బొమ్మ కాలు హఠాత్తుగా తన్నినట్టు తిన్నగా సాగిపోతుంటే కొత్తగా చేసేవారికి తోచే మందు తాడు ఇంకా బిగించడం. అది పనిచేయదు. బిగువు పెరిగితే రాపిడి పెరుగుతుంది, నిజమే. వెనక్కి లాగే బలమూ అదే పాళ్ళలో పెరుగుతుంది. స్థూలంగా లెక్క వేస్తే బిగువు రెండు వైపులా కొట్టుకుపోయి మూడే మిగులుతాయి: తలాల గరుకుతనం, బంతి వ్యాసార్ధం, తాడు బంతి కేంద్రానికి ఎంత దూరం నుంచి పోతోంది అన్నది. బిగువు ఉపయోగపడేది చేతి బరువు కిందికి లాగకుండా నిలపడానికి. తన్నుడు మాన్పడానికి కాదు. అందుకే పనితెలిసినవారు తాడు జోలికి పోకుండా గిన్నె లోపల పల్చటి తోలుముక్క ఒకటి అంటిస్తారు. గరుకుతనం పెరుగుతుంది, కాలు నిలుస్తుంది. బొమ్మకు తన భంగిమను నిలుపుకునే శక్తి వచ్చేది లాగే బలం నుంచి కాదు, రెండు తలాల మధ్య ఒరిపిడి నుంచి.

ఈ కీలుకు కళాచరిత్రలో దక్కిన పేరు ఎక్కువగా ఒక వికృతి వల్ల వచ్చింది. బెర్లిన్‌లోని కైజర్ ఫ్రీడ్రిష్ మ్యూజియమ్‌లో ఉన్న 16వ శతాబ్దపు చెక్క కీళ్ళబొమ్మలను చూసిన హాన్స్ బెల్మర్, 1935 నాటి తన రెండో బొమ్మకు పొట్ట స్థానంలో ఒక పెద్ద గోళం పెట్టి, దానికి పైనా కిందా రెండు జతల కాళ్ళు తగిలించాడు. ఆ ఛాయాచిత్రాలను నాజీ జర్మనీ దేహారాధనకు ధిక్కారంగా చదవడం విమర్శలో ఆనవాయితీ. చదువు తప్పు కాదు గానీ, ఆ ధిక్కారానికి మూల్యం చెల్లించింది ప్రతిసారీ ఒక ఆడపిల్ల దేహపు ఆకారమే అన్న సంగతి మరుగునపడకూడదు. బెల్మర్‌కు కీలు అంటే ఊడదీయడానికి వీలు. ఆయన బొమ్మ ఛాయాచిత్రాన్ని 1965లో ఒక పత్రికలో చూసి తన దారి మార్చుకున్న జపాన్ కళాకారుడు యోత్సుయా సిమోన్ దాన్ని తలకిందులు చేశాడు: ఆయనకు కీలు నిలబడడానికి వీలు. 1999లో వోక్స్ సంస్థ రెసిన్‌తో ‘సూపర్ డాల్ఫీ’ని అమ్మకానికి తెచ్చాక ఈ బొమ్మ ప్రపంచమంతటా ఇళ్ళలోకి వెళ్ళింది, ఇంటి బల్లల మీద సొంతంగా చేసుకునేవారూ పెరిగారు.

ఈ కథలో రెడ్‌మండ్‌కు వింతైన చోటు ఉంది. ఆ ఊరికి కారులో పావుగంట దూరంలో, బెల్వ్యూలో, 1992 నుంచి 2012 దాకా రోజలీ వైయెల్ బొమ్మల మ్యూజియమ్ ఉండేది. 19వ శతాబ్దపు జర్మన్, ఫ్రెంచ్ బొమ్మలకు – పింగాణీ తల, రంపపు పొట్టూ కాగితపు గుజ్జూ జిగురూ కలిపి పోతపోసిన ఒళ్ళు, చెక్క బంతుల కీళ్ళు – అలాంటిచోటే ఇల్లు. అది మూతపడకముందే, 2010 నవంబరులో, రెడ్‌మండ్‌లోని మైక్రోసాఫ్ట్ ‘కినెక్ట్’ను విడుదల చేసింది. ఎదురుగా నిలబడిన మనిషిని అది ఒక కీళ్ళబొమ్మగా చూసేది. మరుసటి ఏడాది ప్రోగ్రామర్లకు ఇచ్చిన పనిముట్లలో ఆ బొమ్మకు ఇరవై కీళ్ళు. తర్వాతి కినెక్ట్‌లో ఇరవై ఐదు. ఆ ఇరవైలో తలా ఒకటి, అరచేయీ ఒకటి! దేహంలో కీలు కానివాటిని కూడా ఆ పట్టిక కీళ్ళనే పిలిచింది. పొరపాటున కాదు. ఆ పద్ధతిలో కీలు అంటే అంతరిక్షంలో ఒక బిందువు, మూడు అంకెలు. దానికి వైశాల్యం లేదు కనుక అరుగుదల లేదు, రాపిడి లేదు.

ఒకే ఊరి పరిసరాల్లో, దాదాపు ఒకే కాలంలో, కీలు గురించి రెండు భావనలు పక్కపక్కనే ఉన్నాయన్నమాట. ఒకటి కీలును బిందువుగా చూసింది, రెండోది ఒరుసుకునే రెండు తలాలుగా. మొదటిదాన్ని తక్కువ చేయనక్కర్లేదు. మనిషి కదలికను గదిలోంచి యంత్రానికి అందించిన గొప్ప పని అది. కానీ బిందువుగా చూసిన కీలు దేన్నీ నిరాకరించదు. ప్రోగ్రామరు విడిగా హద్దు రాస్తే తప్ప తెరమీది బొమ్మ మోచెయ్యి వెనక్కి కూడా విరుగుతుంది. గిన్నె అంచుకు ఎవరూ హద్దు రాయనక్కర్లేదు. అంచే హద్దు.

తెలుగు నేలలో కీలును ఇంత శ్రద్ధగా ఆలోచించినవారు తోలుబొమ్మల వారు. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మేకతోలును పల్చగా చేసి, కోసి, రంధ్రాలు పొడిచి, రంగులు వేసి, రెండు ముక్కలు ఒకదానిమీద ఒకటి పడేచోట దారం దూర్చి ఇటూ అటూ ముడి వేస్తారు. ఆ ముడే కీలు. ముడి బిగిస్తే చెయ్యి కదలదు, వదులైతే వేలాడుతుంది. ఇక్కడ కదలిక తెర తలంలోనే. బంతికీలుకున్న మూడు దిక్కుల స్వేచ్ఛ లేదు, అవసరమూ లేదు. కీళ్ళ సంఖ్య పాత్రను బట్టి మారుతుంది: గంభీరంగా నిలబడాల్సిన రాజుకు తక్కువ చాలు, నాట్యకత్తెకు, నవ్వించే జుట్టుపోలిగాడికి, బంగారక్కకు ఒళ్ళంతా ఆడాలి. ఏ పాత్రకు ఎంత చాపల్యం తగునో కీళ్ళ లెక్కలోనే రాసిపెట్టిన కళ ఇది. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

పురస్కారంతో పాటు చూడవలసింది ఇంకొకటి ఉంది. ఆట చూసేవారు తగ్గాక ఆ చేతులు దీపపు గుమ్మటాలు, గోడకు తగిలించే పటాలు చేస్తున్నాయి. ఇంట్లో పొయ్యి వెలగడానికి అది తప్పనిదే. విదేశాల్లోని తెలుగు ఇళ్ళకు చేరేది కూడా ఎక్కువగా ఆ రూపంలోనే. గుమ్మటానికి కీలు అక్కర్లేదు. చట్రంలో అద్దం వెనక బిగించిన హనుమంతుడికి భుజం దగ్గర ముడి ఉన్నా అది బొమ్మకు కాదు, అలంకారానికి. రంధ్రాల నగిషీ, రంగుల పొందిక అలాగే కొనసాగవచ్చు. ఎవరూ కదల్చని ముడిని ఎంత బిగించాలన్న తెలివి మాత్రం వేళ్ళలోంచి పోతుంది. కొనేవారు, మెచ్చుకునేవారు, వ్యాసాలు రాసేవారు అందరూ బొమ్మ ముఖాన్నే చూస్తారు కనుక ఈ నష్టం లెక్కకు రాదు.

కొండపల్లిది ఇంకో దారి. తెల్ల పొణికి కర్రతో చేతులూ కాళ్ళూ విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. 19వ శతాబ్దపు ఐరోపా బంతికీళ్ళ బొమ్మల ఒళ్ళు చేసిన పదార్థానికి ఇది దగ్గర చుట్టమే: పొట్టూ జిగురూ. అక్కడ దానితో కదిలే అవయవం పోతపోశారు, ఇక్కడ కదలకుండా అతికించారు. రెడ్‌మండ్‌లో అయినా రాజమండ్రిలో అయినా కొలువు మెట్ల మీద నిలబడాల్సిన బొమ్మకు కదలిక దోషమే కనుక ఇది లోపం కాదు, ఎంపిక.

ఇక ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, ఆ తిరుగుడు వేడికే లక్క రంగు పట్టించే ఆ ఊరి పనిలో గోళం అతి తేలికైన ఆకారాల్లో ఒకటి. బంతికీళ్ళ బొమ్మ చేసేవారు మట్టితో, గరుకుకాగితంతో రోజుల తరబడి సాధించే గుండ్రదనం తరిణె మీద నిమిషాల పని. కష్టమంతా గిన్నెది అనుకుంటే, ఏటికొప్పాక కుంకుమ భరిణెలు ఉన్నాయి. బోలుగా తొలిచిన అడుగు, దాని అంచులో ఒదిగే మూత. మర లేదు, బందు లేదు, రాపిడి మీదే నిలుస్తుంది. తలకిందులు చేసినా కుంకుమ ఒలకకూడదు, రెండు వేళ్ళతో తిప్పితే రావాలి. ఆ బిగువు ఎంతో వాళ్ళు కొలతబద్దతో చూడరు. మూత పెట్టి, తీసి, లోపలి అంచు మీద ఉలిని ఇంకొక్కసారి ఆనిస్తారు.