చెరకు ముక్క సరిగమలు

ముట్టుకుంటే పలికే వాయిద్యం చేసేవాళ్ల తెలివంతా మనిషి ఒంటినే తీగగా వాడుకోవడంలో ఉంది. 2012లో జే సిల్వర్, ఎరిక్ రోజెన్‌బామ్ జనంలోకి తెచ్చిన ‘మేకీ మేకీ’ బోర్డునే చూడండి. ఒక క్లిప్పు చేత్తో పట్టుకుని, రెండోది గుచ్చిన అరటిపండును తాకితే చాలు. 22 మెగా ఓమ్‌ల రెసిస్టర్ పుణ్యమా అని ఒంట్లోంచి పారే పిసరంత కరెంటును కూడా బోర్డు పసిగడుతుంది, దానికి తగిలించిన కంప్యూటర్ ‘సా’ అంటుంది. క్లిప్పు ఒకరి దగ్గర, పండు ఇంకొకరి దగ్గర ఉంటే? ఇద్దరూ చెయ్యీ చెయ్యీ కలిపిందాకా పాట రాదు. అసలు పనితనం అక్కడుంది!

అయినా మన డిచ్‌పల్లిలో అరటిపండే ఎందుకు? బోధన్ చెరకు ముక్కా పలుకుతుంది, పచ్చి పసుపు కొమ్మూ పలుకుతుంది. తడి ఉండాలంతే, ఎండిన కొమ్ము మూగదే. సైన్సు సార్లూ, ఈసారి పిల్లలతో వాయించి చూడండి.