పానాకు పైపు తొడగొద్దు

అమరావతి చుట్టుపక్కల ఊళ్లలో పాత హీరో హోండాలకు ఇంకా విశ్రాంతి దొరకలేదు. 1985లో వచ్చిన సీడీ 100, 1994లో వచ్చిన స్ప్లెండర్, ఆ తరం బళ్లు ఇప్పటికీ వెనక మందు పంపు కట్టుకుని పత్తి చేలకూ మిరప తోటలకూ పోతూనే ఉన్నాయి. నల్లరేగడి బురద ఆరి ఇంజను అడుగున పెచ్చులు కడుతుంది. ఆయిల్ దించే బోల్టు ఉండేది అక్కడే.

ఈ బోల్టు దగ్గర మనవాళ్లకు కండబలం మీద నమ్మకం ఎక్కువ. నిజానికి ఆయిల్ కారకుండా ఆపేది వాషరు. రాగిదో అల్యూమినియందో, మెత్తటి లోహం. బోల్టు తల కింద కొంచెం నలిగి సందు మూసేస్తుంది. ఒకసారి నలిగింది మళ్లీ అంత బాగా నలగదు. ఆయిల్ డబ్బాకు వందలు పోసి, కొత్త వాషరు దగ్గర బేరమాడే పొదుపు నాకెప్పటికీ అర్థం కాదు.

బోల్టు ఉక్కు, ఇంజను కేసు అల్యూమినియం. మొండిగా బిగిస్తే పోయేది కేసులోని మరే. ఈ బళ్లకు సుమారు 25 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. జానెడు పానా కొసను 12 కిలోల బరువుతో లాగినంత. మిర్చి యార్డులో టిక్కీలు, అంటే బస్తాలు, మోసే చేతికి అది బిగింపులాగే అనిపించదు. పైపు తొడిగి పానాను రెండడుగులు చేస్తే అదే లాగుడుకు బిగింపు దాదాపు మూడింతలవుతుంది.

అసలు పని బిగించే ముందే ఉంది. సెంటర్ స్టాండు వేసి, ఇంజను గోరువెచ్చగా ఉండగా ఆయిల్ దించాలి. బోల్టు తుడిచి, పానా పక్కనబెట్టి, వేళ్లతో ఎక్కించాలి. ముందు కాస్త వెనక్కి తిప్పితే మర మరలో పడినట్టు చిన్న టక్కు తెలుస్తుంది, అక్కణ్నుంచి ముందుకు. మొరాయించిందా, మర అడ్డంగా ఎక్కినట్టే. తీసి మళ్లీ పెట్టాలి. ఆఖర్న 17 నంబరు రింగు పానా వేసి, వాషరు నలిగే మెత్తదనం పోయి బిగువు తగలగానే ఆపేయాలి. టార్క్ రెంచి ఉంటే ఇంత తంటా లేదు. రోడ్డు పక్క షెడ్డులో అది అరుదు.

మర పోతే లేత్ షాపులో పెద్ద సైజు మర కోయించాలి, లేదా హెలికాయిల్ అనే తీగ మర వేయించాలి. ఎంసీల్ పూసి నడిపేవాళ్లూ ఉన్నారు, కానీ అది ప్రమాదం. స్ప్లెండర్‌లో ఉండేదే లీటరు లోపు ఆయిల్. దారిలో బోల్టు ఊడితే ఇంజను పట్టేస్తుంది, కారిన ఆయిల్ వెనక టైరు మీద పడితే బండి జారుతుంది.

ఈసారి ఆయిల్ మార్పించేటప్పుడు పక్కనే నిలబడండి. పాత వాషరే వేస్తుంటే కొత్తది అడగండి. పైపు బయటికి తీస్తే మాత్రం మొహమాటపడకుండా లాక్కోండి.