కారుకురిచ్చి వారి ఆభేరి పాట

కోవిల్పట్టికి వచ్చిన చుట్టములకు సెంబగవల్లి అమ్మవారి ఆలయము చూపిన పిమ్మట మేము చూపునది కారుకురిచ్చి అరుణాచలముగారి విగ్రహము. 1921లో జన్మించిన ఆ మహానుభావుడు తిరువావడుదురై రాజరత్నం పిళ్లైగారి శిష్యుడై, ఈ యూరిలో స్థిరపడి, 1964లో కీర్తిశేషుడయ్యెను. ఇచ్చటినుండి విరుదునగరము వరకు ఏ పెండ్లి పందిరిలోనైనను నాదస్వర విద్వాంసుని జనులు కోరెడి పాట ఆయనదే. అది 1962లో వెలువడిన ‘కొంజుం సలంగై’ చిత్రములోని ‘సింగార వేలనే దేవా’.

ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడుగారి సంగీతము. పాడినవారు గుంటూరు జిల్లా ఆడపడుచు ఎస్. జానకిగారు. అందరును మెచ్చుకొనునది చివరి స్వరముల పోటీని. మా యభిప్రాయము వేరు. ఆ పోటీవలన గొంతు గూడ వాద్యమువలె పరుగెత్తగలదని తెలియును, అంతే. గాత్రమునకు బదులుగా నాదస్వరము పలికిన నిదానపు సంగతులలోనే విద్వత్తు ఉన్నది. అది గుడివీథికై పుట్టిన వాద్యము. ఊరి పొలిమేర దాక వినబడుటయే దాని స్వభావము. అట్టిదానిని ఒక స్త్రీకంఠము సరసన, ఆ కంఠమును కప్పివేయకుండ ఊదవలెనన్న, ఊపిరిని, సీవాళిని ఎంత యదుపులో నుంచవలెనో ఊదినవారికే తెలియును.

రాగము ఆభేరి. ఆరోహణలో రిషభ ధైవతములు లేవు. అవరోహణలో రెండును వచ్చును. ముత్తుస్వామి దీక్షితులవారి సంప్రదాయమున ఈ రాగమునకు శుద్ధ ధైవతము. సుబ్బరామ దీక్షితులవారు 1904లో తెలుగు లిపిలో ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని ప్రకటించిన ఎట్టయపురము మాకు తూర్పున కూతవేటు దూరమే. నేడు మనము వినునది చతుశ్శ్రుతి ధైవతము. త్యాగరాజస్వామివారి ‘నగుమోము’ను ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరుగారు పాడి ఊరూర వినిపించిన రూపమిదే. సినిమా పాటయు ఆ బాటనే నడచినది.

ఈ చిత్రమే ‘మురిపించే మువ్వలు’ అను పేర తెలుగున వచ్చెను. పెదవుల కదలికకు పదములు అతుకవలసిన పనిలో ఆరుద్రగారు ‘నీ లీల పాడెద దేవా’ అని వ్రాసి, ‘దేవా’ యను పిలుపును ఉన్నచోటనే యుంచిరి. తమిళ పాటలో తిరుచ్చెందూరు స్వామి కన్నులకు గట్టును. తెలుగు పల్లవిలోని దేవునికి ఊరు లేదు, పేరు లేదు. ఈ నేలపై పుట్టిన మాకు మొదటిదే హత్తుకొనుననక తప్పదు. అయినను నాలుకకు రెండవదే తేలిక.

కొంతకాలము క్రిందట విరుదునగరములో మనవారి పెండ్లిలో మేళమువారిని ఆ తెలుగు పాట వాయింపుమని కోరితిమి. తమకు రాదనిరి. పిదప ‘సింగార వేలనే’ ఎత్తుకొనిరి. రెండును ఒకటేనని చెప్పగా ఆ విద్వాంసుడు నవ్వి, మరియొకసారి వాయించెను. పందిరిలోని మన పిల్లలందరు తమిళ మాటలే కలిపిరి. మా వదినగారొక్కరే తెలుగు పల్లవి పాడిరి. చరణము వచ్చుసరికి ఆమెకును మాటలు గుర్తు రాలేదు.