స్విచ్ సరఫరాల విద్య: రెండు పాఠ్యగ్రంథములు

సెల్‌ఫోను చార్జరును చేతితో ఎత్తి చూచినచో దాని బరువు లెక్కకు రానంతగా ఉండును. పాత ట్రాన్సిస్టర్ రేడియోకు తగిలించెడి ఎలిమినేటరు అట్లు కాదు. అందులో ఇనుపరేకుల ట్రాన్స్‌ఫార్మరు ఉండెడిది. ఈ తేడాకు కారణము ఫారడే నియమములోనే ఉన్నది. చుట్ల సంఖ్య, వోల్టేజి, అభివాహసాంద్రత మారకుండ ఉన్నచో కోరు అడ్డుకోత పౌనఃపున్యమునకు విలోమానుపాతములో ఉండును. 50 హెర్ట్జుల కరెంటును ముందు ఏకముఖము గావించి, దానిని ట్రాన్సిస్టరుచే సెకనుకు లక్షమార్లు తెగగొట్టి ట్రాన్స్‌ఫార్మరునకు అందించినచో, అంత ఇనుము అక్కరలేదు. స్విచ్ మోడ్ సరఫరా అనగా ఇదియే.

దీని రూపకల్పనను ఇంజనీరింగు విద్యార్థికి నేర్పు గ్రంథములలో రెండింటిని ఇచట పరిశీలింతము. మొదటిది అమెరికాలో కొలరాడో విశ్వవిద్యాలయమునకు చెందిన రాబర్ట్ ఎరిక్సన్, డ్రాగన్ మాక్సిమోవిచ్‌ల 'ఫండమెంటల్స్ ఆఫ్ పవర్ ఎలక్ట్రానిక్స్'. ఇది 1997లో వెలువడినది. 2020లో మూడవ ముద్రణ వచ్చినది. రెండవది బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో ఆచార్యులు వి. రామనారాయణన్ తమ తరగతి కొరకు వ్రాసిన స్విచ్డ్ మోడ్ పవర్ కన్వర్షన్ పాఠములు.

ఎరిక్సన్ గ్రంథపు బలము దాని రెండవ అధ్యాయము. అందు చెప్పిన మూలసూత్రము హైస్కూలు విద్యార్థికి కూడ అందునట్టిది. స్థిరస్థితిలో ఇండక్టరుపై ఒక ఆవృత్తిలో పడు వోల్టులను కాలముతో గుణించి కూడినచో మొత్తము సున్న కావలెను. 12 వోల్టులను 5 వోల్టులుగా దించవలెననుకొందము. స్విచ్ మూసియున్నపుడు ఇండక్టరుపై 7 వోల్టులు, తెరచినపుడు వ్యతిరేకదిశలో 5 వోల్టులు. ఆవృత్తికాలము 10 మైక్రోసెకండ్లయినచో, సుమారు 4.17 మైక్రోసెకండ్లు మూసియుంచి, 5.83 మైక్రోసెకండ్లు తెరచి ఉంచవలెను. రెండు గుణకారములు చేసి చూడుడు, రెండును 29.2 చొప్పున వచ్చును. ఇదే పనిని పాత పద్ధతి రెగ్యులేటరు 2 ఆంపియర్ల వద్ద చేసినచో, 24 వాట్లు తీసికొని 10 వాట్లు ఇచ్చి, తక్కిన 14 వాట్లను వేడిగా వ్యర్థము చేయును.

మూడవ అధ్యాయము నా దృష్టిలో ఇంకను మేలైనది. వోల్టేజిని పెంచు 'బూస్ట్' వలయమునకు ఆదర్శసూత్రము ప్రకారము, స్విచ్ మూసియుండు కాలమును పెంచినకొలది వోల్టేజి హద్దు లేక పెరుగవలెను. పరీక్షలో విద్యార్థులు ఈ సూత్రమునే వ్రాసి మార్కులు తెచ్చుకొందురు. గ్రంథకర్తలు చుట్టతీగ నిరోధమును లెక్కలోకి తెచ్చి ఆ భ్రమను తొలగించిరి. తీగ నిరోధము 0.1 ఓము, లోడు 10 ఓములు అయినచో, తక్కినవన్నియు ఆదర్శములే అనుకొన్నను, ఆ వలయము ఐదు రెట్లకు మించి పెంచజాలదు. ఆ ఐదు రెట్ల వద్ద తీసికొన్న శక్తిలో సగము తీగలోనే కాలిపోవును. అటుపై స్విచ్‌ను ఇంకను ఎక్కువసేపు మూసి ఉంచినచో వోల్టేజి పెరుగుటకు మారుగా తగ్గును.

నియంత్రణభాగములోను ఇట్టి మేలే కలదు. బూస్ట్ వలయములో మూసియుండు కాలమును హఠాత్తుగా పెంచినచో ఫలితవోల్టేజి మొదట తగ్గి, తరువాత పెరుగును. కపిలబానను నూతిలో ఎక్కువసేపు ముంచి ఉంచినచో నీరు ఎక్కువ వచ్చును. కాని ఆ కాసేపు కాలువలో ధార తగ్గును గదా! అటులనే డయోడు ద్వారా పోవు కాలము వెంటనే తగ్గును, ఇండక్టరు ప్రవాహమో మెల్లగా పెరుగును. దీనిని బీజగణితముతో సరిపెట్టక, డయోడు ప్రవాహచిత్రముతో వివరించుట ఈ గ్రంథకర్తల విజ్ఞతకు నిదర్శనము.

ఇక లోపము. ఇండక్టర్, ట్రాన్స్‌ఫార్మర్ల నిర్మాణము ఈ గ్రంథమున మూడవ భాగములో, నియంత్రణసిద్ధాంతము తరువాత వచ్చును. సెమిస్టరు అంతవరకు సాగునా? ఎక్కువచోట్ల సాగదు. పై ఉదాహరణలో ప్రవాహపు హెచ్చుతగ్గు 0.6 ఆంపియరుకు మించకూడదన్నచో 49 మైక్రోహెన్రీల ఇండక్టర్ కావలెను. విద్యార్థి ఆ అంకెను కంప్యూటరులో వేసి చూచును. వలయము చక్కగా నడచును. అంగడిలో అదే విలువగల చిన్న చుట్టను కొని అతికించును. ప్రవాహము 2.3 ఆంపియర్లకు చేరవలసియుండగా ఆ కోరు 1 ఆంపియరుకే సంతృప్తమైనచో, ప్రేరకత్వము పడిపోవును, ప్రవాహము ఒక్కసారిగా ఎగయును, ట్రాన్సిస్టరు మాడిపోవును. విద్యార్థి ట్రాన్సిస్టరును నిందించును! ఫెర్రైటు కోరు నడుమ బుద్ధిపూర్వకముగా విడిచిన గాలిసందులోనే శక్తి చాలవరకు నిలువయుండునని తెలియక, దానిని తయారీదోషమని తలచినవారు నా తరగతిలోనే కలరు.

రామనారాయణన్ క్రమము వేరు. స్విచ్చుల తరువాత రెండవ అధ్యాయములోనే ఇండక్టర్, కండెన్సర్, ట్రాన్స్‌ఫార్మర్లను చెప్పి, మూడవదానిలో స్విచ్‌ను నడుపుట, కాపాడుట చెప్పి, నాల్గవ అధ్యాయములో గాని వలయముల జోలికి పోరు. పనిముట్లు చూపిన పిదప పని చెప్పుట వంటిది ఇది. తరగతిలో ఉపాధ్యాయుడు నోట చెప్పునది తోడుండునని వ్రాసినవగుటచే ఈ పాఠములు బిగువుగా ఉన్నవి. ఒంటరిగా చదువువానికి కొన్నిచోట్ల మెట్టు దాటించినట్లుండును. క్రమము విషయములో మాత్రము నేను వీరి పక్షము.

ఎరిక్సన్ గ్రంథమున ప్రయోగశాలలోని అపాయములకుగాని, పలకపై తీగల అమరికకుగాని ప్రత్యేకాధ్యాయము లేదు. ఇది చిన్న కొరత కాదు. మన ఇంటి 230 వోల్టుల కరెంటును ఏకముఖము గావించినచో కండెన్సరుపై 325 వోల్టులు నిలుచును. 100 మైక్రోఫారడ్ల కండెన్సరులో అప్పుడుండు శక్తి 5 జౌళ్ళకు పైమాటే. ప్లగ్గు తీసిన తరువాత కూడ అది కొంతసేపు అటులనే ఉండవచ్చును. ఆ వైపున ఆసిలోస్కోపు ఎర్తుకొక్కెమును తగిలించుట షార్టు చేయుటయే. ఈ సంగతి సిద్ధాంతగ్రంథమునకు తగదని తోసివేయుట నాకు సమ్మతము కాదు. విద్యార్థి చేయి పెట్టునది సమీకరణములో కాదు గదా.

ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రము చదివిన వారెవరైన ఎరిక్సన్ గ్రంథములోని రెండు, మూడు అధ్యాయములను చదివి, అటనుండి తిన్నగా అయస్కాంతభాగమునకు పోయి, 12 వోల్టుల బ్యాటరీతో నడచు చిన్న వలయమొకటి కట్టి చూచిన పిదప, వెనుకకు వచ్చి నియంత్రణభాగమును చేపట్టవచ్చును. దానికి లాప్లాస్ పరివర్తనములు తెలిసియుండవలెను.