సముద్రమున గ్రుంకు సూర్యుడు

మన పట్టణములయందలి గృహములలో, నలుగురు కూర్చుండు గది గోడమీద, ఒక పటము తరచుగా కనబడుచుండును. ఒరిగిన కొబ్బరిచెట్లు రెండు. వాని క్రింద ఒక పడవ. చంకను కడవ నిడుకొని యింటికి మరలుచున్న యొక స్త్రీ. వెనుకదిక్కున సముద్రములో సగము మునిగిన యెఱ్ఱని సూర్యుడు. ఆ పటమును దగిలించినవారు చదువు లేనివారు కారు. వారి బీరువాలో గురజాడవారి నాటకమును, వీరేశలింగముగారి స్వీయచరిత్రమును ఉన్నవి. అయినను ఇచ్ఛాపురము మొదలు తడవరకు మన తీరము దాదాపుగా నంతయు తూర్పుమొగమై యున్నదనియు, మన సముద్రమునుండి సూర్యుడు ఉదయించునే కాని దానియందు అస్తమింపడనియు ఆ యింటిలో నెవ్వరికిని తోచలేదు.

ఇంత చిన్న పొరపాటును బట్టుకొని యింత పెద్ద పీఠిక యేలయని కొందఱు పాఠకు లడుగవచ్చును. సూర్యుడు ఏ దిక్కున గ్రుంకిననేమి, పటము కంటి కింపుగా నున్న జాలదా? చాలదని మా యభిప్రాయము. ఆ తప్పు దిక్కులకు సంబంధించినది మాత్రమే కాదు. ఆ పటమును వ్రాసినవాడు మన తీరమున నిలువలేదు, కొన్నవాడును నిలువలేదు. నిలువక వ్రాసిన దృశ్యమును చూడక మెచ్చుకొనుట మనకు అలవాటైనది. ప్రకృతిచిత్రకారుని సుఖమును కష్టమును కూడ ఆ నిలుచుటయందే యున్నవి. దానికి వెల కట్టుట నేర్చుకొనక మనము చిత్రకళాభిమానుల మనిపించుకొనజాలము.

మన ప్రాచీన చిత్రకారులు ప్రకృతిని ఎఱుగనివారు కారు. అజంతా గోడలమీదను, లేపాక్షి మండపముల కప్పులమీదను చెట్లున్నవి, లతలున్నవి, జంతువులున్నవి. కాని అవి దేవతలకును, రాజులకును, కథాపురుషులకును పరివారముగా నున్నవి. కొండను కొండకొఱకే చూచి వ్రాయుట, ఏటిని ఏటికొఱకే చూచి వ్రాయుట మన దేశమునకు తైలవర్ణములతో బాటు వచ్చిన యలవాటు. క్రొత్తదైనంతమాత్రమున అది పరాయిది కానక్కఱలేదు. నవల మనకు పరాయిదిగా వచ్చి సొంతమైనది కాదా?

అయితే ఆ క్రొత్త విద్య వచ్చినప్పుడును ప్రకృతికి పెద్దపీట దొరకలేదు. రవివర్మ (1848–1906) పేరెఱుగని తెలుగు గృహము లేదు. ఆయన 1894లో బొంబాయిలో స్థాపించిన అచ్చుకూటమునుండి వెలువడిన లక్ష్మీ సరస్వతులు మన పూజామందిరములకు వచ్చి చేరిరి. ఆయన తమ్ముడు రాజరాజవర్మ (1860–1905) పేరు మాత్రము నూటికొక్కరైన నెఱుగరు. ఆ తమ్ముడు ప్రకృతిదృశ్యములయం దభిరుచి గల చిత్రకారుడు. అన్నగారి చిత్రములలో వెనుకనున్న కొండలను, ఆకాశములను వ్రాయుటలో సాయపడినవాడు. అన్న వ్రాసిన మూర్తులకు మనము హారతు లిచ్చితిమి. వాని వెనుక తమ్ముడు వ్రాసిన మేఘములను ఎన్నడైన నిలిచి చూచితిమా? ఈ అన్నదమ్ముల కథలో మన దేశపు ప్రకృతిచిత్రకారుని యదృష్ట మంతయు నిమిడియున్నది.

ఈ విద్యలోని కష్టము ఎట్టిదో తెలియుటకు భావనపాటి తీరమును ఉదాహరణముగా దీసికొందము. శ్రీకాకుళము జిల్లాలో సంతబొమ్మాళి మండలమునందు, సముద్రపు టొడ్డున నున్న మత్స్యకారుల గ్రామ మిది. ఒకవైపున ఉప్పుటేరు, దానికి లోపలగా నౌపడా ఉప్పుమడులు, మఱికొంత దూరమున తేలినీలాపురము. అచ్చటి చింతచెట్లమీద శీతకాలమంతయు గూడబాతులును, కొంగలును గూళ్లు కట్టుకొని కాపురముండును. ఉప్పుమడులలో నిలిచిన నీరు ఆకాశమును దించుకొని, గడియ కొక రంగు మార్చుచుండును. చిత్రకారునకు ఇంతకంటె ఐశ్వర్యము లేదు. ఇంతకంటె పరీక్షయు లేదు.

మేమొక మాఘమాసమున ఒక మిత్రునితో గూడ అచ్చటికి బోయియుంటిమి. ఆయన తైలవర్ణచిత్రకారుడు. ఆయన తెల్లవాఱుటకు రెండు గడియలు ముందే లేచి, రంగులపెట్టెను, కాన్వాసును, ముక్కాలిపీటను మోసికొని యిసుకలో నడచెను. మన తీరమున వెలుగు సముద్రమునుండి యెదురుగా వచ్చును. పడవలన్నియు మొదట నల్లని నీడలు, పిమ్మట ఊదావన్నె, పిమ్మట వాని అసలు రంగులు. ఈ మార్పంతయు అరగంటలో ముగిసిపోవును. ఆ యరగంటలో చిత్రకారుడు పట్టినది పట్టినట్లు; మిగిలినది మఱునాటికి. మఱునాడు మబ్బు పట్టినచో దాని మఱునాటికి. ఒక చిత్రమునకు ఆయన యేడు ఉదయములు నిలిచెను.

తైలవర్ణము ఓర్పు గలవాని సొత్తు. నీటిరంగు నీరావిరియై పోగానే యాఱును. రంగులలో గలుపు అవిసెనూనె అట్లు ఆవిరియై పోదు. గాలిలోని ప్రాణవాయువును బీల్చుకొని మెల్లమెల్లగా గట్టిపడును. పలుచని పూత యాఱుటకు దినములు పట్టును. దళసరి పూత లోపల గట్టిపడుటకు నెలలు పట్టును. నూనె తక్కువైన పూత క్రిందను, నూనె హెచ్చైన పూత పైనను ఉండవలెను. ఈ క్రమము దప్పినచో కొంతకాలమునకు చిత్రము పగుళ్లు వాఱును. సముద్రతీరమున నిన్ని నియమములకు తోడు గాలి యొకటి. అది కాన్వాసును తెరచాపవలె నెత్తును. పచ్చి రంగుమీద నిసుకను జల్లును. వాన్ గో 1882లో హాలెండు దేశమున షెవెనింగెను తీరమునందు గాలివానలో వ్రాసిన సముద్రచిత్రమున ఇసుకరేణువులు నేటికిని రంగులో నంటుకొనియున్నవి. అవి చిత్రమునకు దోషములందుమా? ఆయన అచ్చట నిలిచెననుటకు అంతకంటె సాక్ష్య మేమి కావలెను?

ఇట్లు ఆరుబయట నిలిచి వ్రాయుట సులభమైనది, అమెరికా దేశస్థుడైన జాన్ గాఫ్ రాండ్ 1841లో రంగులు నింపు తగరపు గొట్టమును కనిపెట్టిన తరువాతనే. అంతకుముందు రంగును పంది మూత్రాశయపు తిత్తులలో మూటగట్టి మోసికొని పోవలసివచ్చెడిది. గొట్టము వచ్చెను, బరువు తగ్గెను, నిలుచుట మాత్రము తగ్గలేదు.

నాలవనాటి యుదయమున ఒక వృద్ధ మత్స్యకారుడు వల భుజమున వైచుకొని వచ్చి, మా మిత్రుని వెనుక నిలిచి, చాలసేపు చూచెను. తుదకు ఇట్లనెను:

"ఏటి బాబూ, దచ్చినం గాలి కొడతంటే కెరటం అలాగ ఇరుగుతాదా?"

మా మిత్రుడు కుంచె దించి, సముద్రమును చూచి, కాన్వాసును చూచి, "నిజమే తాతా. నిన్నటి కెరటాన్ని ఇవాళ్టి గాలిలో రాసేశాను" అనెను. అని, ఆ భాగమంతయు గుడ్డతో దుడిచివేసెను.

మేము ఎన్నియో చిత్రప్రదర్శనములకు బోయితిమి. ఎందఱో పండితుల యుపన్యాసములు వింటిమి. ఇంత సూక్ష్మమైన విమర్శ నెక్కడను వినలేదు. ఆంగ్లచిత్రకారుడు కాన్‌స్టబుల్ 1821, 1822 సంవత్సరములలో లండను సమీపమున హాంప్‌స్టెడ్ గుట్టమీద మేఘములను మాత్రమే పలుమాఱు వ్రాసి, పెక్కింటి వెనుకవైపున తేదీని, వేళను, గాలి వీచు దిక్కును గుఱుతు వేసికొనెను. ఆయన వ్రాసికొన్నది మన జాలరి కన్నులలోనే యున్నది. ప్రకృతిచిత్రమునకు ఆ స్థలమున బ్రదుకువారే మొదటి విమర్శకులు. వారి యెదుట నిలువజాలని చిత్రము ఎంత ముద్దుగా నున్నను అది బొమ్మ మాత్రమే. వారి తప్పుపట్టుటను అవమానముగా గాక ఉపదేశముగా గైకొనునప్పటి యానందము ఈ విద్యలోని యానందములలో మిక్కిలి గొప్పది. ఆనాడు తుడిచివేసిన చేతితోనే మా మిత్రుడు మందహాసము చేయుట మేము చూచితిమి.

ఇక మన చిత్రకారులను ఈ గీటురాతిమీద గీచి చూతము. దామెర్ల రామారావు 1897లో రాజమహేంద్రవరమున జన్మించి, అచ్చటి కళాశాలాధ్యక్షుడైన కూల్డ్రేదొరగారి ప్రోత్సాహమున బొంబాయిలోని జె. జె. చిత్రకళాశాలకు బోయి చదివి, 1925లో మసూచికమువలన, ఇరువది యెనిమిదేండ్లు నిండకమునుపే కాలధర్మము నొందెను. పురాణకథలను, స్త్రీమూర్తులను వ్రాసిన చిత్రములచేతనే ఆయన ప్రసిద్ధుడు. కాని ఆయన గోదావరిని, తూర్పుకనుమలను కూడ చూచి వ్రాసెను. రాజమహేంద్రవరమున ఆయన పేర వెలసిన చిత్రశాలకు బోవువారు పెద్ద చిత్రముల యెదుట నిలిచి, చిన్న ప్రకృతిదృశ్యములను నడచుచునే దాటిపోవుదురు. మా తలంపున, ఆ చిన్న చిత్రములలోనే ఆయన యెవరికిని శిష్యుడు కాడు. పెద్ద చిత్రములలో బొంబాయి పాఠము, అజంతా పాఠము కనబడును. నదిని వ్రాయునప్పుడు నదియే పాఠము. ఆయన మఱి ముప్పదియేండ్లు జీవించియున్నచో తెలుగుదేశమునకు తన రూపము తనకు దెలిసియుండెడిదని మా నమ్మకము.

శ్రీకాకుళముననే 1921లో జన్మించిన వడ్డాది పాపయ్యగారిని మన స్త్రీలు, బాలురు కూడ నెఱుగుదురు. 1992లో పరమపదించువరకు ఆయన వ్రాసిన పత్రికల ముఖచిత్రములు ఇంటింటను దాచుకొనబడినవి. ఆయన రంగులలోని సౌకుమార్యమును, ఋతువులయందలి ప్రేమను మేము మనసార మెచ్చుకొందుము. కాని ఆయన చిత్రములలో వెన్నెలయు, వానయు, పూచిన కొమ్మయు నాయికయొక్క భావమునకు వంతపాడుటకే వచ్చును. అది కావ్యధర్మము, దానిలో దోషము లేదు. అయినను ఆ చిత్రములను వేలకొలది చూచి పెరిగిన మనము, నాయిక లేని వెన్నెలను చూచుట నేర్చుకొనలేదు. ఇది ఆయన లోపము కాదు, మన లోపము.

ఇచ్చట మఱియొక మాట చెప్పక తప్పదు. రామారావుగారి భార్య సత్యవాణిగారును, సోదరి బుచ్చికృష్ణమ్మగారును చిత్రలేఖనము నేర్చినవారే. మన యిండ్లలో బాలికకు కుంచె యిచ్చుట నేడు వింత కాదు. కాని తెల్లవాఱుజామున ఒంటరిగా తీరమునకు బోయి, రెండు గడియలు నిలిచి, నలుగురు చుట్టుచేరి చూచుచుండగా చిత్రము వ్రాయుటకు మన బాలికల నెందఱిని పంపుచున్నాము? కూజాలోని పూలను వ్రాయుమని యింట గూర్చుండబెట్టి, ఆడువారు ప్రకృతిని వ్రాయరని యందుము. నిలుచుటకు చోటీయక, నిలువలేదని నిందించుట న్యాయము కాదు.

చిత్రకారుని కష్టములలో తుదిది జీవనము. ప్రకృతిదృశ్యముచే కడుపు నిండినవాడు మన దేశమున అరుదు. ఒకడు బడిలో డ్రాయింగు మాష్టరుగా నుండును. ఒకడు అంగళ్లకు పేరుబోర్డులు వ్రాయును. ఒకడు గతించినవారి ఫోటోలను జూచి నిలువెత్తు పటములు వ్రాసియిచ్చును. మా మిత్రునికి తీరమున గడచిన ఆ యేడుదినములును సెలవుదినములే. ఆ చిత్రమును కొనవచ్చిన గృహస్థు డొకడు, "ఇందులో మనుష్యులు లేరే, ఇంత వెల యేల?" అని యడిగెను. అదే గృహస్థు తన కుమార్తె పెండ్లిలో ఒక్కపూట పూలపందిరికి అంతకు పదిరెట్లు వెచ్చించెను. పందిరి మఱునాటికి వాడిపోయెను. కట్నములను, ఆడంబరములను ఖండించు సంస్కారప్రియులమైన మనము, ఆ మిగిలిన సొమ్ము ఎచ్చటికి బోవలెనో కూడ చెప్పవలసియున్నది.

ఫోటో యుండగా ఈ శ్రమ యేలయని కొందఱందురు. ఫోటోను మేము తక్కువ చేయము. కాని అది సాధారణముగా ఒక్క క్షణమును బట్టును. ఏడుదినములు నిలిచిన చిత్రకారుడు ఏడు ఉదయములలో దేనిని విడువవలెనో, దేనిని నిలుపవలెనో తేల్చుకొని వ్రాయును. ఆ తేల్చుకొనుటయే ఆ స్థలమును గూర్చి యొక మనుష్యుడు చెప్పిన మాట.

ఆ మాట నిప్పుడు చెప్పించుకొనుట ఎంత యవసరమో భావనపాటి ప్రాంతమును చూచినవారికి దెలియును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ జిల్లా తీరమును దాటినప్పుడు ఉద్దానమునందలి కొబ్బరి, జీడితోటలు అసంఖ్యాకముగా నేలగూలెను. అవి నిలిచియున్ననాటి ఉద్దానమును తైలవర్ణములలో వ్రాసియుంచుమని మనలో నెవ్వరు చిత్రకారుని గోరితిమి? 2023 ఏప్రిల్‌లో, తొలుత భావనపాటి పేర దలపెట్టిన ఓడరేవునకు చేరువనున్న మూలపేటలో శంకుస్థాపన జరిగినది. రేవు వలదని మే మనుట లేదు. ఉపాధికై వలసపోవు జిల్లావారికి పని కావలెను. కాని తీరము మాఱును, వెలుగు పడు తీరు మాఱును, కెరటము విఱుగు చోటు మాఱును. మాఱకమునుపు ఎట్లుండెనో రేపటి పిల్ల లడిగినచో, సముద్రమున గ్రుంకు సూర్యుని పటమును చూపుదుమా?

మా ప్రార్థన పెద్దది కాదు. ప్రతి గృహస్థుడును తన యింట ఒక్క గోడను తన యూరికి విడువవలెను. తన యేటినో, తన చెఱువునో, తన తీరమునో ఎదుట నిలిచి వ్రాసిన చిత్రమును, చిన్నదైనను, న్యాయమైన వెల యిచ్చి కొనవలెను. కొనుటకుముందు చిత్రకారుని పేరుప్రతిష్ఠలను గాక, "అయ్యా, తా మెచ్చట నిలిచి వ్రాసితిరి? అప్పుడు గాలి యే దిక్కునుండి వీచుచుండెను?" అని యడుగవలెను. వెంటనే బదులు చెప్పగలవాని చిత్రమునకు బేర మాడవలదు.

మా మిత్రుడు వ్రాసిన భావనపాటి యుదయము ఇప్పుడు మా గోడమీద నున్నది. క్రింది మూలను కెరటము తుడిచి తిరుగవ్రాసిన చోటు దగ్గఱనుండి చూచినచో నేటికిని తెలియును. ఇంటికి వచ్చినవారికి మేము మొదట చూపునది ఆ చోటే.